ఊపిరాడని బూట్లు

మా మరిది అరుళ్ వ్యాసర్పాడి రైలు యార్డులో పట్టాల పని చేసి రిటైరైనవాడు. పెళ్ళాం చావుమంచం మీదున్నప్పుడు వేళాంగణి మాతకు నడిచి వస్తానని మొక్కుకున్నాడు. ఆమె బతకలేదు. అయినా మాట మాటే అంటూ ఏటా కాషాయం కట్టి, వట్టికాళ్ళతో బయల్దేరతాడు. మొండిఘటం.

నిరుడు షుగరుతో కాలికి పుండు పడింది. చెప్పుల్లేకుండా నడిస్తే కాలే తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు. కూతురు షీబా కొండలెక్కేవాళ్ళ తోలు బూట్లు కొనిచ్చింది. వానకు తడవకూడదని వీడు చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి లోపలా బయటా దట్టంగా పట్టించాడు.

"ఏందిరా, బూట్లకు దోసె పోస్తా ఉండావా?"

"మాత ముందర కాలిన మైనం వదినా. ఇంక నీళ్ళేం జేస్తాయి?"

నీళ్ళేమీ చేయలేదు, నిజమే. నేను నడిచేవాళ్ళ వెంట వచ్చే సామాన్ల వ్యానులో ఉన్నాను. మహాబలిపురం దాటాక కురిసిన వాన ఆ తోలు మీద చేమాకు మీద జారినట్టు జారిపోయింది. ఆపైన ఎండ కాసింది. మరక్కాణం దగ్గర అన్నాలకు ఆగినప్పుడు బూటు విప్పాడు. చెయ్యి పెట్టి చూశాను. బయట పొడి, లోపల పిండితే కారేంత తడి. అంతా చెమటే. తోలుకున్న సన్నటి రంధ్రాలన్నీ మైనం మూసేస్తే ఆవిరి ఎటు పోతుంది? పాదం తెల్లగా ఉబ్బింది. మేజోడుతోపాటే అరికాలి చర్మం ఊడొచ్చింది. షుగరు కాలు, నొప్పే తెలియలేదు వాడికి.

"వ్యాను ఎక్కు."

"మొక్కు, వదినా..."

"మాత నీ కాలు అడిగిందారా? ఎక్కు!"

ఎక్కాడు. దారిలో ఆస్పత్రి నర్సు కట్టు కట్టి, పాదం నేలకు ఆనించొద్దంది. దారి పొడుగునా వాడు నడిచేవాళ్ళ వైపు చూడలేదు.

వేళాంగణిలో చర్చి నుంచి, మాత కనిపించిందని చెప్పే మాతకొలను దాకా ఇసుక బాట ఉంది. జనం దాని మీద మోకాళ్ళతో పోతారు. వీడు నా భుజం పట్టుకుని దిగి, ఆడ మోకరిల్లాడు.

"ఆనించొద్దన్నది పాదమే గదా వదినా."

"మోకాళ్ళకు షుగరు లేదా నీకు?"

ముందుకు జరిగాడు. కట్టు ఇసుకలో ఈడ్చుకుపోతోంది. నా తువాలు వాడి చీలమండకు చుట్టి, పాదం పైకెత్తి పట్టుకున్నాను.

"పెద్దదానివి, నా కాలు ముట్టుకోవద్దు వదినా, పాపం."

"నోరు మూసుకుని పోరా ముందు."

నడుం వంచి వెనకే నడిచాను.