షాంగైకి స్వెటర్లు

కలరా ఉండల వాసన తగిలితే నాయన మీద కోపం ఇప్పటికీ రేగుతుంది.

చిన్నాయన కుటుంబం చలికాలంలో షాంగై చూసి, స్వెటర్లలో దిగిన ఫొటోలు కడపలోని అవ్వకు పంపింది. అప్పుడు మేము దుబాయ్‌లో ఉండేవాళ్లం. నాయన ఓర్వలేకపోయాడు. జూన్‌లో ఒక శుక్రవారం మమ్మల్ని షాంగై అని చెప్పి దుబాయ్ శివార్లలోని చైనా బజారుకు తీసుకెళ్లాడు. పెట్టెలోంచి కలరా ఉండల వాసన కొట్టే స్వెటర్లు తీసి తొడిగించి, బయట ఎండలో, షాంగై మేడల బొమ్మ గీసిన గోడ ముందు నిలబెట్టాడు. చిన్నవాణ్ణి కదా, నేను నిజంగానే చైనా వచ్చామనుకున్నాను.

"ఎవురి కోసం ఈ యేషాలు?" అంది అమ్మ.

"నోరు మూసుకోని నవ్వు," అన్నాడు నాయన.

ఫొటో అందాక అవ్వ ఫోన్‌లో నన్నడిగింది: "షాంగైలో చానా చలంట కదరా?"

"లేదవ్వా, చెమటకు తడిసిపోయినాం."

పక్కనే ఉన్న నాయన నా చెంప పగలగొట్టాడు.

ఆ ఫొటో ఇప్పుడు నా దగ్గరుంది. అందులో నా నుదుటి మీద చెమట మెరుస్తోంది. అది కనపడని నాయనకు నా చెంప మాత్రం కనపడింది.