పని లేని పయనాల మా దయామణి చిన్నమ్మ

దయామణి చిన్నమ్మ ఇక లేదన్న మాటను నాకు మొదట చేరవేసినవాడు ఆటో సింహాచలం. ఎప్పుడూ వీధి మొగలోనే హారన్ మోగించే మనిషి ఆ ఉదయం ఆటోను దూరంగా ఆపి, నడిచి వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. మెడలోని తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు.

"ఏటి సింహాచలం, ఇంత పెందలాడే వొచ్చినావు? ఇయాల ఆస్పత్రి రోజు కాదు కదా" అన్నాను.

అతను నా ముఖం చూడలేదు. "కాదమ్మా. సిన్నమ్మకి మరి ఆస్పత్రి రోజులు నేవు" అన్నాడు.

ప్రతి చిన్న మేలుకూ దేవునికి స్తోత్రం చెప్పుకోవడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. కరెంటు పోయి వచ్చినా చెబుతాను, పాలు పొంగకుండా నిలిచినా చెబుతాను. ఆ ఉదయం నా నోట స్తోత్రం రాలేదు. ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఇంటికి వచ్చి చెప్పినందుకు సింహాచలానికి మాత్రం కృతజ్ఞురాలిని. ఆ రోజు నేను కృతజ్ఞత చెప్పగలిగింది అతనొక్కడికే.

దయామణి మా అమ్మకు చెల్లెలు. పెళ్లికి పూర్వం టెక్కలిలో ఒక మిషన్ కాంపౌండులో దొరసాని నర్సమ్మలకు వంట చేసేది. ఆ కాంపౌండులో పెరిగిన ఆడపిల్లలు కొందరు వైద్యం నేర్చుకున్నారు, కొందరు కుట్టుపని నేర్చుకున్నారు. మా చిన్నమ్మ నేర్చుకున్నది వేరు. "ఆల దగ్గిర నానేటి నేర్సుకున్నానో తెలుసా? కూకోడం" అనేది. సాయంకాలం నాలుగింటికి ఆ నర్సమ్మలు ఎంత పనినైనా పక్కన పెట్టి, వేపచెట్టు నీడన బల్ల వేసుకుని, సాసరులో పెట్టిన కప్పుతో టీ తాగుతూ కూర్చునేవారట. చలికాలంలో ఒక రోజు ప్రత్యేకించి పూల ప్రదర్శనకు వెళ్లేవారట. వెంట ఈమెను తీసుకుపోయేవారు. ఆ రెండు అలవాట్లనూ కాపురంతోపాటు ఉద్దానానికి తెచ్చుకుంది. భర్త చిన్న వయసులోనే కాలం చేశాడు. బిడ్డలు లేరు. కొంచెం జీడితోట, కొన్ని కొబ్బరిచెట్లు, ఆ నాలుగింటి టీ, ఇవే ఆమె సంసారం.

మా ఊళ్ల ఆడవాళ్లు బయటికి వెళ్లరని కాదు. సంతకు వెళతారు, పెళ్లికి వెళతారు, చావుకు వెళతారు, ఆస్పత్రికి మరీ ఎక్కువగా వెళతారు. ఏ పనీ లేకుండా ఇల్లు కదలడం మాత్రం ఎరుగరు. చిన్నమ్మ ఏడాదికొకసారి సింహాచలం ఆటో మాట్లాడి, చర్చిలో తోటి ఆడవాళ్లను, ఇరుగుపొరుగును టెక్కలి పూల ప్రదర్శనకు తీసుకువెళ్లేది. దానికి ఆమె పెట్టిన పేరు పని లేని పయనం. ఎవరూ వెంట ఏ పనీ తేకూడదు. రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, మందుల చీటీ, ఏదీ పనికిరాదు. దారిలో చుట్టాలింట దిగకూడదు. ఆటో ఎక్కేముందు అందరి సంచులూ వెతికేది.

ఒకసారి ఆమె ఆడపడుచు అప్పలనర్సమ్మ సంచి బరువుగా తగిలింది. "ఏటే వొదినా ఇది?" అంది చిన్నమ్మ.

"ఏటుంది, జీడిపిక్కలు. పలాస మీద నుంచే కదా ఎల్తన్నాము, ఇచ్చీసి పోదుమని."

"దించీ."

"రోజంతా ఊరికే తిరిగొత్తే మొగుడికేటి సెప్పుకోను? దొరసాని ఎనకాల ఎల్లి పూలు సూసినానని సెప్పుకోనా?"

"అదే సెప్పు. పూలు సూసినాను, టీ తాగినాను, కూకున్నాను అని సెప్పు. కొడితే నా దగ్గిరికి రమ్మను."

ఆ సంచి మా అరుగు మీదే ఉండిపోయింది. అప్పలనర్సమ్మ పలాస దాటేవరకు మూతి ముడుచుకుంది. టెక్కలిలో డేలియా పూల ముందు నిలబడ్డాక ఆమెను తిరిగి ఆటో ఎక్కించడానికి చేయి పట్టి లాగవలసివచ్చింది.

నా కాలు పుట్టుకతోనే వంకర. బడి మా ఊరికి దూరం. నన్ను ఎత్తుకుని దింపే తీరిక మా ఇంట ఎవరికీ లేకపోయింది. నాకు అక్షరాలు దిద్దించింది చిన్నమ్మే. టీ తాగడం అయ్యాక పాత క్యాలెండరు కాగితాల వెనుక రాయించేది. తప్పు రాస్తే కొట్టేది కాదు. "ఇది నీ అచ్చరమా, పీత నడిసిన జాడా?" అని అడిగేది. ఈ నాలుగు మాటలు నేడు మీ ముందు పెట్టగలుగుతున్నానంటే అది ఆమె చేతి భిక్ష. ఇంతకన్నా గొప్పగా ఆ ఋణాన్ని చెప్పే విద్య నాకు లేదు.

చూసి రావడమే కాదు, తానూ ఒకసారి పోటీకి పెట్టాలని ఆమెకు బుద్ధి పుట్టింది. ఉద్దానం ఇసుకలో చామంతి లావుగా పూయదని అందరూ నవ్వారు. చెరువు మట్టి తెప్పించి, కుండీలో పోసి, పక్క మొగ్గలన్నీ గిల్లేసి, ఒకే ఒక్క పువ్వును పెంచింది. పసిబిడ్డ తలంత అయింది. పోటీ సోమవారం. ఆదివారం ఉదయాన మా అమ్మ చర్చికి వెళుతూ ఆ పువ్వును చూసి, ఇంత చక్కనిది దేవుని బల్లమీద ఉండాలి గాని ఇక్కడ ఎందుకని, తుంచి పట్టుకుపోయింది. చిన్నమ్మ ప్రార్థనకు వచ్చి తల ఎత్తేసరికి ఎదురుగా గాజు గ్లాసులో తన పువ్వు. ఆరాధన ముగిసేదాకా ఆమె అందరితోపాటు కీర్తనలు పాడింది. బయటికి వచ్చాక మా అమ్మతో, "అప్పా, దేముడికి ఫస్టు ప్రైజు ఇచ్చీసినావు. నాకు రెండోదైనా ఉంచవలసింది" అంది. మా అమ్మకు తాను చేసినదేమిటో అప్పటికి గాని తెలియలేదు. మరునాడు చిన్నమ్మ పువ్వు లేని ఆ కుండీనే ఆటోలో పెట్టుకుని టెక్కలి వెళ్లింది. ఆకులు కూడా చూడదగినవే అని నిర్వాహకులతో వాదించి, ఒక మూల పెట్టించి వచ్చింది.

తర్వాత ఆమెకు కిడ్నీల జబ్బు వచ్చింది. మా ప్రాంతం వారికి దీనిని గూర్చి వివరించనక్కర లేదు. ఇంటింటా ఉన్నదే ఆమెకూ వచ్చింది. దినం విడిచి దినం పలాస ఆస్పత్రిలో డయాలసిస్ యంత్రం మీద పడుకోవాలి. ఆమెను కుంగదీసింది సూదులు కాదు, నీళ్ల కట్టడి. నీరు, మజ్జిగ, టీ, ఏదైనా కలిపి రోజంతటికీ ఒక చిన్న లోటాకు మించకూడదని డాక్టరుగారు చెప్పారు. మిగిలిన రోగులు ఆ నీటిని గుక్క గుక్కగా రోజంతా పంచుకుంటారు. చిన్నమ్మ అలా చేయలేదు. తెల్లవారింది మొదలు నాలుక అంటుకుపోతున్నా చుక్క ముట్టేది కాదు. మాత్ర కూడా ఉమ్మితోనే మింగేది. అలా దాచుకున్న వంతు మొత్తాన్నీ నాలుగింటికి నిండు కప్పు టీగా తాగేది. "సుక్క సుక్క తాగితే దాహం తీరదు, మనిసినని గేపకమూ ఉండదు. ఒక్కపాలి కూకుని తాగితే రెండోదైనా ఉంటాది" అనేది.

ఆస్పత్రిలో ఆమె పక్క మంచం లక్ష్మమ్మది. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనిలో జీవితం గడిపిన మనిషి. జీడి జిగురుకు ఆమె వేళ్ల కొనలు నల్లబడి ఉంటాయి. భర్తనూ ఒక కొడుకునూ ఇదే జబ్బు తీసుకుపోయింది. ఇప్పుడు ఆమెకు ఎవరూ లేరు. యంత్రాలు తిరిగినంతసేపూ వీరిద్దరి కబుర్లూ సాగేవి. చిన్నమ్మ పూల ప్రదర్శన వర్ణిస్తూ ఉంటే లక్ష్మమ్మ ఎగతాళి చేసేది.

"తినడానికి కాదు, అమ్మడానికి కాదు, తల్లో ఎట్టుకోడానికీ కాదు. ఆటిని సూడ్డానికి ఆటో కట్టించుకుని ఎల్తారా? బలే పిచ్చోల్లు."

"నువ్వు ఎప్పుడైనా ఊరికే ఎక్కడికైనా ఎల్లినావేటే, లచ్చమ్మా?"

లక్ష్మమ్మ "నేదు" అంది.

ఆ రోజు నుంచి చిన్నమ్మకు ఒక్కటే పట్టుదల. లక్ష్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని టెక్కలి పూల మధ్య నాలుగింటి టీ తాగాలి. ఇంక ఏ కోరికా ఆమె నోట నేను వినలేదు. ఆ ఒక్కదాని కోసం నేనూ మోకరించి ప్రార్థించాను.

క్రిందటి చలికాలంలో ప్రదర్శన ఒక్కరోజే పెట్టారు. అది వీరి డయాలసిస్ రోజు. వీరిది మధ్యాహ్నం వంతు. ఉదయం వంతుకు మార్చమని చిన్నమ్మ వెళ్లి బతిమాలింది. ఉదయాన ఒక్క మంచమే ఖాళీ ఉందని నర్సమ్మ చెప్పింది. పాపం ఆమె మాత్రం ఏం చేయగలదు, మంచాలు ఆమె పుట్టించేవి కావు.

"లచ్చమ్మకి రాయండి" అంది చిన్నమ్మ.

లక్ష్మమ్మ గొడవపడింది. "నువ్వెల్లవే. నాకు పొట్టు తెలుసు గాని పూలేటి తెలుసును?"

"తెలీదనే ఎల్లమంతన్నాను. నాను సానాపాల్లు సూసినాను. నువ్వు సూసొచ్చి సెప్పు."

"నువ్వు నేకుండా నానేటి సేత్తాను అక్కడ?"

"కూకో."

అలా ఆ మధ్యాహ్నం చిన్నమ్మ యంత్రం మీద పడుకుంది. ఉదయమే యంత్రం దిగి నీరసంగా ఉన్న లక్ష్మమ్మను, చిన్నమ్మ సర్ది ఇచ్చిన ఫ్లాస్కునూ కప్పులనూ తీసుకుని నేను సింహాచలం ఆటోలో టెక్కలి వెళ్లాను. నా వంకర కాలు, ఆమె తూలే నడక, ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని వరుసల మధ్య తిరిగాము. ఒక పెద్ద తెల్ల చామంతి దగ్గర ఆమె ఆగిపోయింది. "ఇన్ని రేకలు ఇరగకుండా ఎవులు ఒలిసినారో" అంది నెమ్మదిగా. తర్వాత నీడన దుప్పటి పరిచి కూర్చున్నాము. నేను కప్పులో టీ పోసి ఇచ్చాను. ఆమె తాగడం మాని చుట్టూ చూడసాగింది. ఏమిటని అడిగితే, "నన్నెవులూ పిలవడం నేదు" అంది. పనిలో మేస్త్రీ, ఇంట్లో మొగుడు, ఆస్పత్రిలో నర్సమ్మ, ఎవరో ఒకరు పిలవని గంట ఆమె బతుకులో అదే మొదటిది కాబోలు. కప్పు ఖాళీ చేసి, సాసరులో ఒలికినది కూడా తాగింది.

చీకటి పడే వేళకు పలాస వచ్చి చిన్నమ్మను ఆటో ఎక్కించుకున్నాము. ఎక్కగానే అడిగింది. "ఎలాగున్నాయి పూలు?"

"ఏటున్నాయి, మన బంతులే మేలు. నీ టీ కూడా సప్పగుంది" అంది లక్ష్మమ్మ.

"అబద్దమాడకే. నీ మొకం సూత్తే తెలుత్తంది."

లక్ష్మమ్మ చిన్నమ్మ చేయి తన ఒళ్లోకి తీసుకుని, "వొచ్చే ఏడు ఇద్దరుమూ ఎల్దుమే దయామణీ" అంది.

వచ్చే ఏడు రాలేదు. వేసవి దాటేసరికి చిన్నమ్మకు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. టీ పూర్తిగా మానుకోమన్నారు. మానుకుంది. నాలుగింటికి నేను వెళ్లేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. మనిషికి ఒక కప్పు టీ తాగే భాగ్యం కూడా మిగలకపోతే ఏ మాటతో ఓదార్చాలో నాకు తెలియలేదు. ప్రార్థన చేయనా అంటే చేయమనేది. నేను కళ్లు తెరిచేసరికి ఇంకా గోడనే చూస్తూ ఉండేది.

ఆమెను మా చర్చి వెనుక ఇసుకలో, కొబ్బరిచెట్ల వరుసకు అవతల సమాధి చేశాము. అప్పలనర్సమ్మ వచ్చింది. సింహాచలం వచ్చాడు, పిడికెడు మట్టి వేశాడు. లక్ష్మమ్మ రాలేదు. సమాధి జరిగింది మరునాడు, ఆమె డయాలసిస్ రోజున. వంతు మానుకుని వస్తానని ఆమె మంచం మీద నుంచి లేచిందట, నర్సమ్మలు పట్టి పడుకోబెట్టారట. మేము ఇక్కడ కీర్తన పాడుతున్న సమయానికి ఆమె అక్కడ యంత్రానికి కట్టుబడి ఉంది. పక్కన చిన్నమ్మ మంచం మీద అప్పటికే వేరొక మనిషి పడుకుని ఉన్నదని తర్వాత ఆమే నాకు చెప్పింది. ఆ కొత్తామెతో ఇంతవరకూ మాట కలపలేదట. "దీన్తో మాటాడితే ఇదీ ఎల్లిపోద్ది" అంది.

నా ప్రార్థన ఆలకింపబడిందో లేదో నేను ఎరుగను. అడిగినది చాలా చిన్నది. ఇద్దరు ఆడవాళ్లు ఒక సాయంకాలం పక్కపక్కన కూర్చోవాలని అడిగాను. అంతకన్నా పెద్దవి అడిగి పొందిన దాననే. ఇది ఎందుకు దక్కలేదో బోధించగలవారు ఉంటే ఉండవచ్చు, నాకు ఆ బోధ అవసరం లేదు. చిన్నమ్మ వంటి మనిషి ఈ ఇసుకలో మరల పుట్టదు. కూర్చోవడం మా ఆడవాళ్లకు మరల నేర్పేవారు రారు. ఈ చలికాలం ఆటో మాట్లాడేందుకు ఎవరూ ముందుకు రాలేదు. నేనూ రాలేదు.

ఈ వ్యాసం చదివి మా చిన్నమ్మ ఆత్మశాంతికై మీరు రెండు నిమిషాలు కేటాయించదలిస్తే, మీకు నమస్కరించి ఒక మనవి చేస్తాను. ఆమెకు మన తలపులతో ఇక పని లేదు. ఆ రెండు నిమిషాలూ లక్ష్మమ్మను తలచుకోండి. చర్చిలో గాని, గుడిలో గాని, దీపం పెట్టే వేళ గాని, పలాసలో దినం విడిచి దినం ఆ యంత్రం మీద పడుకునే లక్ష్మమ్మ పేరు ఒక్కసారి పైకి అనండి. ఆమె ఇంకా బతికే ఉంది.