తొలి చెంచా

ఆ పశువుల ఫారంలో ఏడాదికోసారి చెవిబిళ్లల రోజు వస్తుంది. ఆ ఏడు పుట్టిన దూడలన్నిటినీ ఒక్కరోజులో దొడ్డిలోకి తోలి, చెవులకు నంబరు బిళ్లలు గుచ్చి, సూదిమందు వేసి వదులుతారు. ఇంటివాళ్లతో తెమిలే పని కాదు. చుట్టుపక్కల ఫారాలవాళ్లు తెల్లారేసరికి గుర్రాల మీదా పాత జీపుల్లోనూ వచ్చి దిగుతారు. వాళ్లు కూలి పుచ్చుకోరు. మధ్యాహ్నం కడుపునిండా భోజనం పెడితే చాలు. ఆ భోజనం బాగుండకపోతే ఎవరూ నోరెత్తి ఒక్క మాట అనరు. మరుసటేడు మాత్రం ఒకాయనకి నడుం పట్టేస్తుంది, ఇంకొకాయన జీపు స్టార్టవదు.

అందుకని ఆ ఫారంలో వంట చూసే గరిటె మామ ఆ రోజు చీకటితోనే లేచాడు. లేచి మొదట చేసిన పని, ఒక పచ్చి ఉల్లిపాయ తీసుకుని కసుక్కున కొరకడం. కళ్ళలోంచి నీళ్లు కారాయి. నాలుక మాత్రం ఎవరింట్లోనో ఎవరో ఏడుస్తున్నట్టు పట్టించుకోకుండా పడుంది. మిగిలిన ముక్క చెత్తబుట్టలో వేసి, పైన తొక్కలు కప్పాడు.

ఇది మూడు నెలల నుంచి నడుస్తోంది. చలికాలంలో పదిరోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ కూడా పట్టుకుపోయింది. కాఫీ అంటే వేడి నీళ్లు. మాంసం అంటే తడి గుడ్డ. ఎవరికీ చెప్పలేదు. వారం పోతే వస్తుంది, నెల పోతే వస్తుంది అనుకున్నాడు. రోజూ ఉల్లిపాయ కొరికి చూసుకుంటూనే ఉన్నాడు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. నెలకిందట పొయ్యి పక్కనే నిలబడి ఉండగా ఎనిమిది రొట్టెలు బొగ్గయిపోయాయి. వాసనకి దొడ్డిలో ఉన్నవాళ్లు పరిగెత్తుకొచ్చారుగానీ ఆయనకి తెలియలేదు. "గుర్రం అరిస్తే చూద్దామని వెళ్లి ఇప్పుడే వచ్చాను" అని అబద్ధమాడాడు. మేనల్లుడు నమ్మాడో లేదో తెలియదు. ఫారం వాడిదే. "మామయ్యా, నీకు వయసు మీద పడింది. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగిందంటే వంటిల్లు మూసేద్దాం. టౌన్లో క్యాంటీన్ వాడున్నాడు, వ్యాన్లో తెచ్చిపెడతాడు. నువ్వు హాయిగా కూర్చో" అన్నాడు. హాయిగా కూర్చో అనేవాళ్లు ఎక్కడ కూర్చోవాలో చెప్పరు. వసారాలో కుర్చీలో కూర్చుని దుమ్ము వంక చూడ్డం ఎలా ఉంటుందో గరిటె మామకి తెలుసు. ఒకసారి ఆరు నెలలు కూర్చున్నాడు.

అప్పటికి ఆయన గుర్రపు రౌతు. ఇరవై రెండేళ్లు ఆ గడ్డి నేలంతా జీను మీదే తిరిగాడు. ఒక వానాకాలం గుర్రం జారి మీద పడింది, తుంటి ఎముక విరిగింది. అతుక్కుందిగానీ కాలు పొట్టిదైంది. అక్క, అంటే ఈ మేనల్లుడి తల్లి, ఆరు నెలలు చూసి, ఒక పొద్దున్న ఆయన ఒళ్లో ఉల్లిపాయల బుట్టా కత్తీ పడేసి "ఏడవాలనుంటే ఇవి కోస్తూ ఏడువు, నాకు పనైనా అవుతుంది" అంది. అలా వచ్చాడు వంటింట్లోకి. అక్క నేర్పిన వంటకి హంగులేం లేవు. కోసి వెయ్యి, మూత పెట్టు, దాని జోలికి పోకు. మాంసం, ఉల్లిపాయలు, ఉప్పు, మిరియాలు పెద్ద ఇనప గిన్నెలో వేసి సన్నసెగ మీద అయిదు గంటలు వదిలేస్తే అదే ఉడుకుతుంది. పక్కన పాలు పోసి మెదిపిన బంగాళాదుంపలు. మూడో గిన్నె ఎక్కితే అది వంట కాదు, ఊరేగింపు అనేది అక్క. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. గరిటె ఈయన చేతికొచ్చింది, పేరు కూడా దాంతోనే వచ్చింది.

అక్క పెట్టిన పద్ధతి ఇంకొకటి ఆ ఫారంలో ఇంకా నడుస్తోంది. ఎప్పుడో చెడిన మాంసం తిని సగంమంది పడకేశారట. అప్పటినుంచి బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక, వండినవాళ్లు అందరూ చూస్తుండగా ఒక చెంచా తిని, "తినండి" అనాలి. ఆ మాట వచ్చేదాకా ఎంత ఆకలైనా ఎవరూ గిన్నె ముట్టరు. ఈ మూడు నెలలుగా గరిటె మామ రోజూ ఆ చెంచా తిని, రోజూ ఆ మాట అంటున్నాడు. ఏం తిన్నాడో తనకే తెలియకుండా.

మరి వండడం ఎలాగంటే, కొలతతో వండుతున్నాడు. ఇన్ని శేర్ల మాంసానికి ఇన్ని చెంచాల ఉప్పని అలమర తలుపు లోపలివైపు పెన్సిలుతో రాసుకున్నాడు. ఉల్లిపాయలు వేగాయో లేదో చప్పుడుని బట్టి తెలుసుకునేవాడు. చిటపటలు తగ్గి సన్నగా గొణగడం మొదలైతే చాలు. మాంసం ఉడికిందా లేదా అనేది చెంచా కాడతో గుచ్చి చూసేవాడు. ఎవరికీ తేడా తెలియలేదు.

ఎండెక్కేసరికి దొడ్డి నిండా దుమ్మూ దూడల అరుపులూ. కోడలుపిల్ల, అంటే మేనల్లుడి పెళ్లాం, బకెట్టు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"మామయ్యా, కాసిని వేడినీళ్లు. మూడు దూడలకి పారుడు పట్టుకుంది."

"తీసుకో అమ్మాయీ. ఆ మూలనున్న కాగులో ఉన్నాయి."

ఆయన రొట్టెల పిండి మీద వంగి ఉన్నాడు. వెనకాల ఆమె ఏదో సంచీ చించడం, డబ్బా మూతలు చప్పుడవడం విన్నాడు. అటు తిరగలేదు. తిరిగితే మాట కలపాలి. ఆ పిల్ల కళ్లు పదునైనవి. రొట్టెలు మాడిన రోజు అందరూ పొయ్యిని చూస్తే ఆమె ఒక్కతే ఈయన మొహం చూసింది.

కాసేపటికి మేనల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా నిండా దుమ్ము.

"భోజనానికి ఇరవై ముగ్గురు మామయ్యా. ఈసారి ఏ గుర్రమూ అరవదుగా?"

"నువ్వు అరవకుండా ఉంటే చాల్లే అల్లుడూ."

నవ్వుతూనే అన్నాడు. వాడు నవ్వలేదు. "ఒంటిగంటకి బల్ల దగ్గరుంటాం" అని వెళ్లిపోయాడు. ఆ వెనకే గుర్రాలకి నాడాలు కొట్టే అతను తల లోపలికి పెట్టి, "అబ్బ, ఏం వాసన మామా! ఇక్కడే నిలబడితే సగం కడుపు నిండిపోతుంది" అన్నాడు. "అయితే మిగతా సగానికే పెడతాలే, పో" అన్నాడు గరిటె మామ. వాడు పోయాక గిన్నె మూత తీసి, ఆవిరిలో మొహం పెట్టి గట్టిగా పీల్చాడు. మొహం తడిసింది, అంతే.

పన్నెండుంబావుకి దుంపలు ఉడికాయి. ఆ ఫారంలోవి మాంసం కోసం పెంచే గొడ్లు. ఆవుల పాలు దూడలకే, ఇంటికి పాలపొడి డబ్బానే గతి. అయిదువందల గొడ్ల మధ్య కూర్చుని పాలపొడి తాగే మొనగాళ్లమని ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు. అలమరలోంచి డబ్బా దింపి, గోరువెచ్చటి నీళ్లలో పొడి కలిపి, దుంపల్లో పోసి మెదపడం మొదలుపెట్టాడు.

సగం మెదిపాక చెయ్యి ఆగింది.

రోజూ ఆ పొడి ఉండలు కడుతుంది. వాటిని చిదపలేక విసుక్కుంటాడు. ఇవాళ ఒక్క ఉండ లేదు. పాలు కలిపిన గిన్నె అంచు చూశాడు. చిన్న చిన్న పసుప్పచ్చటి నూనె బొట్లు తేలుతున్నాయి. వేలు ముంచి, బొటనవేలితో రాశాడు. జిడ్డుగా జారింది. నాకాడు. ఏమీ లేదు. ఇంకో చెంచా తిన్నాడు. నాలుక మీద మెత్తగా ఏదో ఉంది, అంతకన్నా ఏమీ చెప్పడంలేదు.

దూడల పొడా? పారుడు పట్టిన దూడలకి పట్టే, మందు కలిపిన పాలపొడి ఒకటుంది. అదైతే? ఇరవై ముగ్గురు. వాళ్లలో పక్క ఫారం పెద్దాయన ఉన్నాడు, వారానికోసారి డాక్టరు దగ్గరికి పోయే మనిషి. మూడునెలల బిడ్డకి పాలిచ్చే తల్లి ఒకామె ఉంది.

కాకపోతే? కొత్త డబ్బా అయ్యుండొచ్చు, వేరే కంపెనీ అయ్యుండొచ్చు. ఉత్త అనుమానంతో ఇంత దుంప పారబోస్తే ఎందుకు పారబోశావంటారు. వాసన చూడలేదా అంటారు. రెండు కళ్లూ, రెండు చేతులూ, మూడు నెలల కొలతలూ కలిసి కూడా ఈ ఒక్క సంగతి తేల్చలేవు. ఎవరిదైనా ఒక ముక్కు కావాలి. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. బయట గిలకబావి దగ్గర చేతులు కడుక్కుంటున్న చప్పుడు మొదలైంది.

మాంసం ఒక్కటే పెట్టి, దుంపలు మాడాయని అబద్ధమాడొచ్చు. రెండోసారి మాడాయంటే క్యాంటీన్ వ్యానే. చూసీ చూడనట్టు వడ్డించొచ్చు కూడా. ఆ ఆలోచన వచ్చినందుకు గరిటె పక్కన పెట్టి, అరచేతులు గోడకి ఆనించి రెండు క్షణాలు నిలబడ్డాడు. తర్వాత గుమ్మంలోకి వచ్చి పిలిచాడు.

"అమ్మాయీ! ఒక్కసారి లోపలికి రా."

కోడలుపిల్ల చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన గిన్నె ఆమె వైపు జరిపాడు.

"ఇది వాసన చూడు."

"మీరు చూళ్లేదా?"

"నాకు తెలీదు."

"తెలీకపోవడమేంటి మామయ్యా?"

"తెలీదమ్మా. ముక్కు పనిచెయ్యడంలేదు, నాలుక కూడా. జ్వరం వచ్చినప్పట్నుంచీ. ముందు నువ్వది చూడు, తిట్టేది తర్వాత తిడుదువుగానీ."

ఆమె గిన్నె మీదికి వంగింది. వంగినదల్లా చటుక్కున వెనక్కి జరిగింది. మొహం పాలిపోయింది. అలమర తెరిచి డబ్బా దింపి, మూత తీసి చూసింది.

"ఇది మందు పొడి" అంది. "పొద్దున్న సంచీ చిరిగిపోయింది. మిగిలింది పోద్దామంటే అలమరలో ఈ డబ్బా ఖాళీగా కనపడింది. చెబుదామనుకునేలోపు దూడ పడిపోయిందని పిలిచారు. నేనే మామయ్యా, నేనే పోశాను."

ఆయన గరిటె తీసి దుంపల గిన్నె మీద మూత పెట్టాడు.

"రొట్టెల్లో వేశారా?" అందామె.

"లేదు. రొట్టెల్లోకి నీళ్లే."

"మాంసంలో?"

"దాన్లో పాలెందుకు పోస్తానే!" అని అరిచి, తనే తగ్గి, "గుడ్లెన్ని ఉన్నాయి?" అన్నాడు.

"రెండు బుట్టలు."

"కాగులో నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. పదినిమిషాలు చాలు. నువ్వు ఒలువు, నేను కోస్తాను. మాంసం పులుసులో వేసేద్దాం. ఈ దుంపలు గోతిలో పూడ్చాలి, కుక్క కూడా ముట్టకూడదు."

అరవై గుడ్లు ఒలవడం మాటలు కాదు. వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ ఒలిచింది. మధ్యలో తలెత్తకుండా, "మీ సంగతి నేను చెప్పను. నా సంగతి మీరు చెప్పకండి. ఎవరికీ ఏమీ కాలేదుగా" అంది.

ఆయన కోస్తున్న కత్తి చప్పుడు కాస్త పెరిగింది.

ఒంటిగంటకి బల్ల నిండిపోయింది. ఇనప గిన్నె మధ్యలో పెట్టారు. గుడ్లు చూసి ఎవరో "అబ్బో" అన్నారు. మేనల్లుడు దుంపల కోసం వెతికి, మేనమామ వంకే చూస్తున్నాడు. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. గరిటె మామ చెంచా ముంచి తీశాడు. నోటిదాకా వచ్చింది. ఇరవై మూడు మొహాలు. ఈ ఒక్క చెంచాని నమ్మి తినే మొహాలు.

చెంచా దించేశాడు.

"ఇది నేను తిని లాభం లేదు" అన్నాడు. "మూడు నెలల నుంచి నాకు రుచీ వాసనా తెలియడంలేదు. మిమ్మల్ని మోసం చేశాను. ఇవాళ తొలి చెంచా అమ్మాయి తింటుంది."

మేనల్లుడి మెడ మీద నరం లేచింది.

"మూడు నెలలా? అంటే ఆ రొట్టెలు..."

"గుర్రమేం అరవలేదు అల్లుడూ."

"ఎవరికైనా ఏదైనా అయ్యుంటే?"

"ఇవాళ అయ్యేది" అంది కోడలుపిల్ల. నిలబడే ఉంది, చేతులకి ఇంకా గుడ్డు పెంకులు అంటుకుని ఉన్నాయి. "దూడల మందు పొడి పాలడబ్బాలో పోసింది నేను. ముక్కున్న దాన్ని, మర్చిపోయాను. ముక్కు లేని ఆయన కంటితో చూసి పట్టుకున్నాడు. పట్టుకుని, తన గుట్టు బయటపడుతుందని తెలిసే నన్ను పిలిచాడు."

మేనల్లుడు పెళ్లాం వంక చూశాడు, మామ వంక చూశాడు. అందరి ముందూ ఇద్దరిలో ఎవర్ని అనాలో తోచనట్టుంది.

నాడాల అతను గొంతు సవరించుకున్నాడు. "మూడు నెలలూ ఇక్కడ తిన్నానే. అదంతా నీ ముక్కు లేకుండానే వండావా మామా? మా ఇంట్లో ముక్కున్నవాళ్లే వండుతున్నారు, ఏం లాభం!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మేనల్లుడు నవ్వలేదు. కోడలుపిల్ల చెంచా తీసుకుని తింది. నమిలింది. అందరూ ఆమె దవడనే చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైంది మామయ్యా" అంది.

గుడ్లు వేసినప్పుడు పులుసు పొడిగించాడు, ఉప్పు లెక్క మార్చడం మర్చిపోయాడు. చెవులు వేడెక్కాయి. అందరి ముందూ అలా అనేసిందేమిటి అని మొదట అనిపించింది. ఆ తర్వాతే, ఈ మూడు నెలల్లో తన వంట గురించి ఎవరైనా నిజం చెప్పడం ఇదే మొదటిసారని తోచింది.

మేనల్లుడు టోపీ తీసి బల్ల కింద పెట్టాడు. "క్యాంటీన్ వాడికి రేపు రమ్మని చెప్పాను" అన్నాడు నెమ్మదిగా. తర్వాత పళ్లెం ముందుకి జరుపుకుని, "వద్దని చెప్పాలి. ఉప్పు తే మామయ్యా, ఆకలేస్తోంది" అన్నాడు.

గరిటె మామ కుంటుకుంటూ వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చాడు. మూత తీసి, ముందు కోడలుపిల్లకి చూపించాడు. ఆమె వేలికి అద్దుకుని నాకి, తలూపింది.

"ఎంత?" అన్నాడు.

"ఒక చెంచాడు. ఇంకాస్త. చాలు."

కలిపాడు. ఆమె మళ్లీ రుచి చూసింది. ఆయన గరిటె పట్టుకుని ఆమె నోటి వంక చూస్తూ నిలబడ్డాడు, ఎప్పుడో అక్క ముందు నిలబడ్డట్టు.

"తినండి" అందామె.

ఒక్కసారిగా చెంచాలన్నీ గిన్నె మీద పడ్డాయి. గరిటె మామ బల్ల చివర కూర్చుని, తనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. వేడిగా ఉందని తెలిసింది, బాగా ఉడికిందని తెలిసింది. అంతకన్నా ఏమీ తెలియలేదు. నెమ్మదిగా నమిలి, రొట్టె అందుకున్నాడు.