ఆ ఏడు వేసిన చలువ పందిరి

నా చిన్నప్పుడు, అంటే నా జడ నేను అల్లుకోవడం ఇంకా రాని రోజుల్లో, మేము మణుగూరు బొగ్గు గనుల కాలనీలో ఉండేవాళ్ళం. ఒక కప్పు కింద రెండు క్వార్టర్లు, రెండింటికీ కలిపి ముందు ఒకటే పొడవాటి వసారా. ఎడమవైపు మేము. కుడివైపు, మా నాన్నతో ఒకే షిఫ్టులో గనిలోకి దిగే మామ, ఆయన భార్య. వాళ్ళు మాకు చుట్టాలేమీ కారు. ఆమె మా నాన్నను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్తమ్మ అయింది.

ఎండలు ముదరగానే మా వసారాకు కళ వచ్చేది. అడవి పల్లెల నుంచి తాటాకు బండ్లు వచ్చేవి. నాన్న ఆ కొస, మామ ఈ కొస పట్టుకుని ముందుకంతా చలువ పందిరి వేసేవారు. సాయంత్రం నీళ్ళు చల్లి మంచాలు వాల్చితే, షిఫ్టు దిగిన వాళ్ళంతా ఒళ్ళు కడుక్కుని మా దగ్గరికే వచ్చేవారు. ముంజలు, మజ్జిగ, పేకాట, పాటలు. వీధి మొత్తానికి అదే చల్లని చోటు.

ఒక ఏడు చలికాలంలో గనిలో పైకప్పు కూలింది. మామ లోపలే పోయాడు. మా నాన్న కాలు విరిగి బయటపడ్డాడు. అడిగిన ప్రతివాళ్ళకూ నాన్న ఒకే మాట చెప్పాడు: "ఒక్క దెబ్బకే పోయిండు. బాధ పడలే." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఎవరి ముఖమూ చూసేవాడు కాదు.

కాలికి కట్టు విప్పాక కూడా నాన్న వసారాలోకి రాలేదు. దవాఖానాకు వెళ్ళాలన్నా పెరటి తలుపు తీసుకుని వెళ్ళేవాడు. అత్తమ్మ ముందు తలుపు తెరవడమే మానేసింది. ఆమెకు పిల్లలు లేరు. తోడుగా వచ్చిన తల్లి కొన్నాళ్ళుండి వెళ్ళిపోయింది. వానాకాలం దాకా క్వార్టర్లో ఉండవచ్చని ఆఫీసు వాళ్ళు చెప్పారట. మా అమ్మ పెరటి గోడ మీదుగా కూర గిన్నె అందించేది. ఆమె తీసుకునేది, కడిగి తిరిగి ఇచ్చేది. మాట మాత్రం ఉండేది కాదు. "పక్కపక్కన పనిచేసేటోళ్ళు, ఒకడు పోయి ఒకడెట్ల బతికిండో" అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు అనుకోవడం నేను విన్నాను. ఆ మాటకు అర్థం పూర్తిగా తెలియకపోయినా, ఇంట్లో చెప్పకూడదని మాత్రం తెలిసింది. ఊడ్చేవాళ్ళు లేక వసారా నిండా బొగ్గు దుమ్ము పేరుకుంది. పిల్లులు పడుకుని లేచిన గుర్తులు తప్ప దాని మీద ఏ అడుగులూ ఉండేవి కావు.

ఎండలు మొదలవుతుండగా బూర్గంపాడు నుంచి మా నాయనమ్మ బస్సు దిగి వచ్చింది. గడప ముందే ఆగిపోయింది.

"ఇదేంది, ఇది ఇల్లా, బొగ్గు బంకరా?"

లోపలి నుంచి నాన్న, ఈసారి పందిరి గిందిరి ఏమీ వద్దన్నాడు. "ఎవరొస్తరమ్మా మనింటికి?"

"వచ్చేటోళ్ళ సంగతి నీకెందుకు? ముందు కూసునే జాగ ఉండాలె గద" అంది ఆమె, చెంగు బిగించుకుంటూ.

మర్నాటి నుంచే పని మొదలైంది. అమ్మా నేనూ బిందెలతో నీళ్ళు మోశాం. నాయనమ్మ చీపురుతో వసారాను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కడిగింది. మా భాగం, వాళ్ళ భాగం అని చూడలేదు. నల్లటి నీళ్ళు మెట్ల మీదుగా పారుతూనే ఉన్నాయి. గోడలకు నీలిమందు కలిపిన సున్నం వేసింది. అంచులకు ఎర్రటి జాజు పూసింది. పడమటి ఎండ పడేవైపు వట్టివేళ్ళ తడిక కట్టించింది. ఇసుక పోసి కొత్త కుండలు దించింది. వచ్చిన దగ్గర్నుంచీ కనబడ్డవాళ్ళందరికీ, శ్రీరామనవమి నాడు పానకం మా వసారాలోనే అని చెప్పేసింది. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ ముఖంలో భయం కనబడేది. ఎవరూ రాకపోతే మిగిలే అవమానం గురించి ఆమె ఆలోచిస్తోందని ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక మిగిలింది ముగ్గులు. జాజు మీద ముగ్గులంటే కాలనీలో అత్తమ్మ తర్వాతే ఎవరైనా. మా నాయనమ్మ చేయి కూడా మంచిదే. అయినా ఆ రోజు ఆమె గీతలు ఎటో పోతున్నాయి. వంకరగా వస్తోందని నేను గట్టిగానే అన్నాను. ఆమె నా కాలు తొక్కింది. మరింత వంకరగా గీసింది. పక్క క్వార్టర్ కిటికీ రెక్క సన్నగా తెరుచుకుని ఉండటం నేను అప్పుడే చూశాను. అలా చెరపడం, గీయడం, మళ్ళీ చెరపడం పొద్దెక్కేదాకా సాగింది.

చివరికి తలుపు తెరుచుకుంది. అత్తమ్మ బాగా చిక్కిపోయింది. వెలుతురుకు కళ్ళు చిట్లించుకుంటూ వచ్చి, "ఇటియ్యి పెద్దమ్మా" అని సున్నం గిన్నె అందుకుని కూర్చుంది.

దారిన పోయే ఒకావిడ ఆగి, మొగుడు పోయి ఏడాదన్నా తిరగలేదు, అప్పుడే ముగ్గులా అని సణిగింది. అత్తమ్మ చేయి ఆగిపోయింది.

"మొగుడు పోయిండు గానీ చేతులు పోలేదు గదమ్మా" అంది నాయనమ్మ, తల ఎత్తకుండానే. ఆవిడ వెళ్ళిపోయింది. చేయి మళ్ళీ కదిలింది.

నవమి నాటి మధ్యాహ్నం పందిరి కట్టాల్సి వచ్చింది. నాయనమ్మ కేకేస్తే తప్పక నాన్న కుంటుకుంటూ వచ్చాడు. మా వైపు తాళ్ళు కట్టాడు. మామ కట్టే వైపు దగ్గరికి వచ్చేసరికి, తాడు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. గడపలో కూర్చున్న అత్తమ్మ ఆయన్నే చూస్తోంది.

"అన్నా, నిజం చెప్పు. ఒక్క దెబ్బకే పోయిండా?"

నాన్న స్తంభం పట్టుకుని చెప్పాడు. "లేదు చెల్లె. కప్పు పగులుతుంటే నేనే ముందు ఉరికిన. ఆయన మీద పడ్డది. నన్ను పేరు పెట్టి పిలిచిండు. రెండోసారి గూడ పిలిచిండు. తిరిగి చూసిన గానీ, లోపలికి పోలేకపోయిన."

అత్తమ్మ ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నాన్న తాడు కింద పడేసి పెరటివైపు కదిలాడు. నాయనమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. నేను ఆమె ముఖంలో అంత కాఠిన్యం ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"చెప్పి లేచిపోతే ఎట్లరా? ఆమె తిట్టాలన్నా, కొట్టాలన్నా నువ్వు కనపడాలె. ఈడనే కూసో."

నాన్న వసారా మెట్టు మీద కూర్చుండిపోయాడు. మిగిలిన తాళ్ళు అమ్మా నాయనమ్మా కలిసి కట్టారు. సాయంత్రం జనం వచ్చారు. ఎప్పటంతమంది రాలేదు, పాటలు లేవు. పానకం తాగి, ఎండల గురించి మాట్లాడుకుని, నాన్న పక్కన కాసేపు కూర్చుని లేచారు. దీపాలు పెట్టే వేళకు పక్క తలుపు తెరుచుకుంది. అత్తమ్మ వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. అమ్మ ఇచ్చిన పానకం తాగింది. నాన్న వైపు చూడలేదు. అయినా లేచి లోపలికీ పోలేదు.

ఆ వేసవంతా రోజూ సాయంత్రం ఇద్దరూ వసారాలో చెరో చివర కూర్చునేవారు. ఆమె నాన్నతో మళ్ళీ ఒక్క మాటా మాట్లాడలేదు. తొలకరి పడ్డాక బోనకల్ దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. బయలుదేరే ముందు మా అమ్మ చేయి పట్టుకుని, "విన్నంక నిద్ర పట్టలే వదినా. వినకముందు గూడ పట్టలే. విన్నదే నయం" అని చెప్పిందట. నాన్నను క్షమించిందా అని అమ్మను చాలాసార్లు అడిగాను. అమ్మకూ తెలియదు. తెలియకుండానే నాన్న కూడా పోయాడు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. మొన్నటి ఎండాకాలం, నా తర్వాత చాలా ఏళ్ళకు పుట్టిన మా తమ్ముడి రిపోర్టుల్లో జబ్బు చేయి దాటిపోయిందని తేలింది. వాడితో మాత్రం వాడి పిల్లలు, డాక్టరు అందరూ తగ్గిపోతుందనే చెబుతూ వచ్చారు. ఒక సాయంత్రం మా ఇంటి వరండాలో వాడు నన్ను నేరుగా అడిగాడు. "అక్కా, నువ్వన్నా చెప్పు. తగ్గుతదా?"

తగ్గదని చెప్పాను. వాడు రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నాడు. లోపల పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినబడింది. నేను వాడి పక్క నుంచి లేవలేదు.