పసుపు అంచున్న విమానం

నా చిన్నప్పుడు నరసరావుపేటలో మా పెరట్లో యుద్ధ విమానాలు తయారయ్యేవంటే మా మనవరాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. నాకప్పుడు పదేళ్ళు. బర్మా వైపు, విమానాల్ని కూల్చే ఫిరంగి దళంలో పనిచేసిన మా బాబాయి ఎడమ కాలు కుంటిదై ఇంటికొచ్చాడు. మా అన్నేమో వచ్చే వారం అలాంటి దళంలోనే చేరబోతున్నాడు. తలమీదికొచ్చిన విమానం మనదో జపాను వాడిదో రెప్పపాటులో తేల్చుకోలేకపోతే వాడు చస్తాడు, లేదా చంపకూడని వాణ్ణి చంపుతాడు. బాబాయి భయం అదే. అందుకే తేలిక చెక్కతో మూరెడేసి విమానాలు చెక్కి వాడికి గుర్తులు నేర్పేవాడు.

రంగుల పని నాది. ఆ విషయంలో బాబాయి రాక్షసుడు. ఆకుపచ్చ కాస్త ముదిరినా మొత్తం గీకించేవాడు. కడుపు కింద పూయడానికి నీలిమందు, సున్నం, దీపం మసి కలిపి చూపిస్తే, "ఆకాశం రంగు కాదే, ఆకాశంలో కలిసిపోయే రంగు కావాల" అని పారబోయించేవాడు. మన విమానం రెక్కల మీద నీలం చుట్టు, లోపల తెలుపు, బయట పసుపుపచ్చ అంచు. ఎరుపు చుక్కయినా పడకూడదు. ఎర్రటి గుండ్రం జపాను వాడి గుర్తు.

ఒకరోజు సాయంత్రం పసుపుపచ్చ పొడి అయిపోయింది. యుద్ధం రోజులు, కొట్లో రంగులు దొరికేవి కావు. నేను మహా తెలివిగా వంటింట్లోంచి పసుపు తెచ్చి, తుమ్మజిగురులో కలిపి, సున్నం పూసిన రెక్కల మీద అంచు గీశాను. సున్నం తగిలితే పసుపు ఎర్రనీళ్ళవుతుందని తెలియని ఆడపిల్ల ఉంటుందా? దిష్టి తీసిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. కానీ గీసినప్పుడు పచ్చగానే ఉంది. రాత్రి మంచుకు తడిసి, తెల్లారేసరికి అంచంతా ఎర్రబడింది. చూశాను. మళ్ళీ గీకాలంటే బద్ధకం, చెబితే తిడతాడని భయం. దూరానికి ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, దాన్ని అలాగే తీసుకెళ్ళి ఇచ్చాను.

బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దండేనికి తగిలించాడు. అన్నను పెరటి చివర గోడవైపు తిప్పి నిలబెట్టి, విమానాన్ని దండెం మీద సర్రున జారవిడిచి, "తిరగరా!" అని అరిచాడు. అన్న తిరిగాడు. "ఎరుపు! కొట్టు!" అన్నాడు.

బాబాయి గొడ్డలెత్తి ఒక్క వేటు వేశాడు. రెక్క తెగిపడింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ వేశాడు. చెక్కపేళ్ళు నా మొహానికి తగిలాయి. విమానం పొడిపొడి అయినా ఆపలేదు, ఉత్త నేలను నరుకుతున్నాడు. "ఏంది బాబాయ్, బొమ్మేగా!" అని అన్న నవ్వబోయాడు. బాబాయి లాగి చెంపమీద కొట్టాడు. అన్న పెదవి చిట్లి రక్తం కారింది.

"మనోడేరా! నువ్వు చంపింది మన పిల్లోణ్ణే!" అని బాబాయి బొంగురుగా అరిచాడు. తర్వాత నేలమీద కూలబడి చెప్పాడు. ఒకప్పుడు మన విమానాల గుర్తులో కూడా నడిమధ్య ఎర్రచుక్క ఉండేదట. ఒక పొద్దున మబ్బులోంచి ఒక విమానం దిగింది. ఎరుపు కనబడగానే పై అధికారి కొట్టమన్నాడు, వీళ్ళు కొట్టారు. అది పొలంలో పడి తగలబడింది. బయటికి లాగేసరికి ఆ కుర్రాడి చేతుల తోలు బాబాయి చేతికే వచ్చిందట. వాడు వీళ్ళ బట్టలు చూసి, మీరా అన్నట్టు కళ్ళు పెద్దవి చేసి, అలాగే పోయాడట. ఆ ఎరుపు మీద తెల్లరంగు పూసింది ఆ తర్వాతే.

నాకు ఏడుపు ఆగలేదు. "పొద్దున్నే చూశా బాబాయ్, ఎర్రబడిందని. చెప్పలా," అన్నాను. నన్నూ కొడతాడనుకున్నాను. ఆయన నా వంక తిరిగాడు.

"ఆ రోజు నాక్కూడా అనుమానం వచ్చిందే," అన్నాడు. "మనదేమోనని. నోరు తెరవలా."

ఆ మాట ఆయన అప్పటిదాకా ఎవరితోనూ అన్నట్టు లేదు. గొడ్డలి అవతల పెట్టి, తడిగుడ్డతో అన్న పెదవి తుడిచాడు. మధ్యాహ్నానికి ఇంకో చెక్క తీశాడు.

మా అన్న యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు. ఎన్నిటిని కూల్చావని అందరూ అడిగితే, అందరూ కొట్టమంటున్నా తాను అడ్డంపడి ఆపించిన ఒక విమానం సంగతే చెప్పేవాడు. అది మనదేనట.

నేను ఏ యుద్ధానికీ పోలేదు. కానీ తప్పు కనబడితే అప్పటికప్పుడు చెప్పేస్తాను, నాదైతే మరీ ముందు చెప్తాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, పంచాయితీల్లో చెప్పాను, గయ్యాళిదన్న పేరూ తెచ్చుకున్నాను. రానీ. నోరు మూసుకుని మంచిపిల్లననిపించుకోవాలని చూసిన ఆ ఒక్క పూట నాకు ఇప్పటికీ పీడకలే.