మా వదినకు ఒక గడప

మా వదిన పద్మకుమారికి నోరెక్కువ. నాకు ఇంకా ఎక్కువ. మా ఇద్దరి మధ్య మా అన్నయ్య గోవిందరావు పాతికేళ్లు నోరు లేకుండానే బతికేశాడు. మొగుడు పోయి నేను వాళ్ల పంచన చేరినప్పుడు, "వచ్చింది మహారాణి, ఇక నాకు రోజూ పండగే" అని ఎత్తిపొడిచింది వదిన. ఆ మాట అంటూనే తన మంచం నాకిచ్చి, తను చాప వేసుకుంది. అదీ ఆవిడ వరస.

నరసన్నపేటలో అద్దె ఇల్లు, గాజులూ రిబ్బన్లూ బొట్టుబిళ్లలూ అమ్మే ఒక పాత వ్యాను. అదీ మా సంసారం. అన్నయ్య నడిపేవాడు, వదిన వెనక తలుపు తీసుకుని కూర్చునేది. కళింగపట్నం నుంచి బారువ దాకా సముద్రం వెంబడి పల్లెలన్నీ తిరిగేవాళ్లు. చేపలు కోసి, ఉప్పు పట్టి మొద్దుబారిన అక్కడి ఆడవాళ్ల చేతులకు గాజు ఎక్కడం అంత తేలిక కాదు. వదిన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, సబ్బునురగ రాసి, వాళ్ల అత్తగారిని నాలుగు తిట్టి, వాళ్లు నవ్వుతుండగానే ఎక్కించేసేది.

2016 ఎండాకాలంలో వదిన కడుపులో గడ్డ అన్నారు. విశాఖపట్నంలో కోసి చూసి, మళ్లీ కుట్టేసి, "ఇంటికి తీసుకెళ్లిపోండి" అన్నారు. ఇల్లు మాదైతే కదా!

ఇంటి ఓనరు ధనరాజు మంచివాడే. నా మంటంతా అదే. ఆపిల్ పళ్లు పట్టుకొచ్చి, వదిన మంచం పక్కన కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత అన్నయ్యను వాకిట్లోకి పిలిచాడు.

"ఏటనుకోకు గోవిందరావు. మా అమ్మాయి పెళ్లి ఈ ఇంట్లోనే సెయ్యాల. మంచి నచ్చత్రంలో పోతే సరే. నేకపోతే ఆరు నెల్లు ఇల్లు మూసెయ్యమంటారు. నువ్వే ఆలోసించు."

నా చేతిలో చీపురుంది. అన్నయ్య నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు కాబట్టి ధనరాజు బతికిపోయాడు.

లోపల వదిన అంతా విన్నది. "పోదాం పదండి. కానీ నన్ను ఈదిలో పోనివ్వకండి. ఎవరిదైనా సరే, ఒక గడప లోపల పోవాల" అంది. నోరు పెట్టుకుని బతికిందే గాని, తన కోసం ఏదీ అడిగిన మనిషి కాదు.

వ్యానులో అరలు పీకేసి మంచం వేశాం. స్టవ్వూ నీళ్ల డబ్బా మందులూ సర్దుకున్నాం. ముందు టెక్కలిలో వదిన తమ్ముడు ఉపేంద్ర దగ్గరికి వెళ్లాం. కొత్త ఇల్లు, గృహప్రవేశమై ఏడాది తిరగలేదు. వాడి పెళ్లాం కాఫీలు వ్యాను దగ్గరికే తెచ్చింది. వాడు అక్క కాళ్లు పట్టుకుని ఏడ్చాడు గాని, దిగమని అనలేదు. "ఎండెక్కుతాదిరా, మేం వెళ్తాం" అని వదినే వాడికి ఆ కష్టం తప్పించింది. వాడి ముఖం నేను ఇప్పటికీ చూడను. తర్వాత ఒక లాడ్జీవాడు వ్యానులోకి తొంగి చూసి గదులు లేవన్నాడు. శ్రీముఖలింగం గుడికి తీసుకెళ్తే పుణ్యమని ఎవరో పెద్దాయన సలహా ఇచ్చాడు. "దేవుడి ఇల్లు దేవుడిది. నాకు మనుషుల ఇల్లు కావాల" అంది వదిన.

ఇక ఎటు? వ్యాను అలవాటైన దారే పట్టింది. సముద్రం పక్కనైతే గాలి ఉంటుంది, ఎందుకు ఆగారని అడిగేవాళ్లుండరు. పొద్దున ఒక ఊరి ఇసకలో, మధ్యాహ్నం ఇంకో ఊరి సరుగుడు తోటలో ఆగేవాళ్లం. గంజి కాచి చెంచాతో పట్టేదాన్ని. కళింగపట్నం బీచిలో బైకుల మీద వచ్చిన కాలేజీ కుర్రాళ్లు మంచమూ స్టవ్వూ చూసి, "సూపర్ ఆంటీ! వ్యాన్‌లోనే టూరా? ఎక్కడిదాకా?" అన్నారు. నేను నోరు తెరవబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఇల్లు దొరికీదాకా బాబూ" అంది. వాళ్లు నవ్వి, వ్యాను ముందు సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయారు.

మూడు నాలుగు రోజులకే గంజి కూడా గొంతు దిగలేదు. భావనపాడు దాటాక ఒక పల్లె బయట ఆపాం. చేపల వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వ్యాను కనబడగానే ఆడవాళ్లు గాజులకని వచ్చారు. అందరికంటే ముందు బుల్లమ్మ. ఆమె కోడలి సీమంతానికి గాజులు తొడిగింది మా వదినే. తలుపు దగ్గరికి వచ్చి లోపలికి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటమ్మా ఇది? ఇంటికాడ ఉంచక ఈ ఎండలో ఏటి తిప్పతన్నారు?"

నేనే చెప్పాను, ధనరాజునీ ఉపేంద్రనీ తిట్టాల్సిన తిట్లన్నీ కలిపి.

"మాయింటికి తెండి" అంది బుల్లమ్మ.

"మీ ఇంట్లో ఏమైనా అయితే..." అన్నాడు అన్నయ్య.

"అయితే ఏటవుతాది? మా మావ ఆ ఇంట్లోనే పోనాడు, మా అత్తా పోనాది. ఇల్లెక్కడికీ పోనేదు."

వదిన విన్నది. నా వేళ్లు నొక్కింది.

ఇంతలో ఊరి పెద్ద ఎర్రన్న కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "పేనం ఉంటే తెచ్చుకోండి, ఎవులూ కాదనరు. పేనం పోతే మాత్రం ఊళ్లోకి తేకూడదు. సముద్రంలో పోయిన మా కొడుకుల్నే తేనేదు, ఒడ్డునే పూడిసినాం" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు.

బుల్లమ్మ చోటు సర్దడానికి ఇంటికి పరుగెత్తింది. మోసే మనుషుల కోసం అన్నయ్య ఆమె వెంట వెళ్లాడు. నేను వదిన తల ఒళ్లో పెట్టుకుని, "చూశావా, దొరికింది. ఇక నీ సాధింపులు బుల్లమ్మ పడుతుందిలే" అన్నాను. వదిన నవ్వబోయింది. మూతి ఒక పక్కకు కదిలి అక్కడే ఆగిపోయింది. మళ్లీ ఊపిరి తీస్తుందేమోనని చూశాను. తీయలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నాళ్లు ఆగి, ఇంకొక్క పది నిమిషాలు ఆగలేకపోయిందా మహాతల్లి!

బుల్లమ్మ మొగుడు కొండబాబు, ఇంకో ఇద్దరు మగవాళ్లు నులక మంచం పట్టుకుని వచ్చారు. వెనక అన్నయ్యా, బుల్లమ్మా. బుల్లమ్మ వ్యాను ఎక్కి వదిన పాదం ముట్టుకుంది. చెయ్యి అక్కడే ఉంచి నా ముఖంలోకి చూసింది. నేను తల దించుకున్నాను.

"ఊపిరాడతన్నాది. బేగి మొయ్యండర్రా!" అని గట్టిగా అరిచింది.

మంచం ఎర్రన్న ముందు నుంచే వెళ్లింది. బుల్లమ్మ తన కొంగుతో వదిన ముఖానికి ఎండ తగలకుండా అడ్డం పెట్టి, "అయిపోనాది తల్లీ, వచ్చేసినాం" అని మాట్లాడిస్తూ నడిచింది. గడప దాటించి చాప మీద పడుకోబెట్టారు. బుల్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, చెంచా అన్నయ్య చేతికిచ్చింది. అన్నయ్య వదిన నోట్లో నీళ్లు పోశాడు. అవి చెంప మీదుగా చాప మీదికి జారాయి.

"మింగిందా?" అని అడిగాడు అన్నయ్య.

"మింగినాది బాబూ" అంది బుల్లమ్మ.

గుమ్మంలో ఎర్రన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. ఇప్పుడు బయటికి తీసేయమంటాడని నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. బుల్లమ్మ అతని వైపు తిరగకుండానే, "పోనాది తాతా. ఇప్పుడే" అంది.

ముసలాయన ఒక పక్కకు ఆగిపోయిన వదిన మూతి వైపు చూశాడు, తడిసిన చాప వైపు చూశాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, బయట జనం వైపు తిరిగాడు.

"గడప లోపలే పోనాది" అన్నాడు అందరికీ వినబడేలా. "నాను సూసినాను."