అందరూ తిన్నారని చెప్పాను

రెండు మాటల అబద్ధం ఒకటి ఇన్నేళ్లుగా నాతోనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. చదివాక నన్ను ఏమనుకున్నా సరే.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాది జనగామ. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చిన్న ఉద్యోగం చేసేదాన్ని. పప్పులు, ఆకుకూరలు, జొన్నలు ఎక్కువగా తింటే గుండెకు మేలు జరుగుతుందా అన్నది మా ప్రశ్న. తిన్న తిండి ఒంట్లో అరిగి వందల రకాల సూక్ష్మ పదార్థాలై రక్తంలో చేరుతుంది. వాటన్నిటినీ ఒకేసారి కొలిచే యంత్రం మా దగ్గర ఉండేది. తెర మీద ఒక్కో పదార్థం ఒక్కో శిఖరంలా లేస్తుంది. మనిషి నోటితో చెప్పని సంగతి ఆ గీత చెబుతుంది! మొదటిసారి చూసిన రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను.

మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో కొందరు ఆడవాళ్లు మా పరీక్షకు ఒప్పుకున్నారు. కొన్నాళ్లు మేం వండించిందే తినాలి. మాంసం, చేపలు ముట్టకూడదు. చివర్లో రక్తం తీస్తాం. వాళ్లను కనిపెట్టుకుని ఉండడం నా పని. వాళ్లలో సక్రి అక్క పెద్దది. పత్తి చేలకు కూలికి పోయేది.

రక్తం తీయడానికి ముందురోజు వంటావార్పు వచ్చింది. రాష్ట్రం కావాలని ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కి, బండ్లు ఆపి, అక్కడే పొయ్యిలు పెట్టి వండుకు తినడం. డప్పులు, పాటలు. చెరువు చేపలతో పులుసు పెట్టారు. తండా అంతా వచ్చింది. తినొద్దని చెప్పవలసినదాన్ని నేను. చెప్పలేదు. వాళ్ల మధ్యన కూర్చుని నేనూ తిన్నాను. అంత సంతోషంలో ఒకరిని వద్దనడం ఎట్లా?

సక్రి అక్క మాత్రం డబ్బా తెరిచింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు.

"ఈ ఒక్కపూట తినరాదా అక్కా," అన్నాను.

"ఏంది చెల్లె! వద్దన్నది నువ్వే, ముల్లు తీసుకుంట తినేది నువ్వే. గిదేం సదువే?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"మరి నువ్వెందుకు తింటలేవు?"

"మాటిచ్చిన గద. తెలంగాణ రానీ, గప్పుడు నువ్వే వండిపెట్టాలె. తలకాయ ముక్క నాకే, చెప్తున్న."

కొన్ని వారాలకు ఫలితాలు వచ్చాయి. చేపలు తింటే పెరిగి, తర్వాత దిగిపోయే పదార్థం ఒకటుంది. దాని శిఖరం అందరిలోనూ నిటారుగా లేచింది. వంటావార్పు రక్తంలో కనిపిస్తోంది! నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే సక్రి అక్క గీత చూశాను. అందరికన్నా ఎత్తుగా ఉంది.

చేపలు తినకుండానే అది అంత పెరిగితే మూత్రపిండాలనో గుండెనో అనుమానించాలి. నాకది తెలుసు.

పరిశోధన నడిపించే మా సారుకు వంటావార్పు సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. తిననివాళ్లు ఎవరైనా ఉన్నారా, ఉంటే రేపే వెళ్లి ఆస్పత్రిలో చూపించు అన్నారు.

రేపు హైదరాబాదులో పెద్ద ఊరేగింపు. జనగామ నుంచి మావాళ్లంతా వస్తున్నారు.

"అందరూ తిన్నారు సార్," అన్నాను.

ఊరేగింపుకు పోయాను. గొంతు పోయేదాకా అరిచాను. ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, ఆ సంతోషం కూడా అబద్ధమని చెబితే మరో అబద్ధం చెప్పినట్టే. తర్వాత వెళ్లి చూద్దామనుకున్నాను. సమ్మె వచ్చింది, బస్సులు ఆగాయి. ఫోన్ లేదా? ఉంది. చేయలేదు.

సక్రి అక్క పత్తి చేనులో కూలిపోయింది. దవాఖానకు చేరకముందే పోయింది. గుండె అన్నారు.

ముందే చూపిస్తే బతికేదా? ఒక్క గీత చూసి ఎవరూ చెప్పలేరు. ఈ తెలియకపోవడం చాటున ఇన్నేళ్లూ దాక్కున్నాను.

తెలంగాణ వచ్చిన రోజు మా ఇంట్లో చేపల పులుసు పెట్టారు. అమ్మ తలకాయ ముక్క నా కంచంలో వేసింది. తినలేకపోయాను. ఎందుకని అడిగితే ముల్లు గుచ్చుకుందన్నాను.

పోయిన నెల భూపాలపల్లిలో సక్రి అక్క బిడ్డను కలిశాను. అల్లుడు బొగ్గుగనిలో పనిచేస్తాడు. అంతా చెప్పాలనే పోయాను. చాయ్ ఇస్తూ ఆమే ముందు అన్నది: "అందరు తిన్నరని మీ ఆఫీసోళ్లు తండాకొచ్చి చెప్పిండ్రట గదక్కా. మాటిచ్చి తప్పింది, గందుకే పాణం మీదికొచ్చిందని మా బాపు ఇప్పటికీ తిడుతడు."

అప్పటిదాకా నేనొక ప్రాణం గురించే బాధపడుతున్నాను. ఆమె నిలబెట్టుకున్న మాటను కూడా నేనే తీసేశానని అప్పుడు తెలిసింది. చాయ్ తాగాను. చెప్పాలని పోయింది చెప్పకుండానే తిరిగి వచ్చేశాను.

అచ్చయ్యాక ఇది ముందు ఆ బిడ్డకే పంపుతాను. క్షమించమని అడగను. ఒక్క సంగతి ఆమెకు తెలియాలి. ఆ రోజు సక్రి అక్క చేపలు తినలేదు. పక్కన కూర్చుని నేను చూశాను.